రొయ్యల ప్లాంటులో స్టాకు లెక్క కలవనప్పుడు: సమస్య - పరిష్కారం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు వెళ్లినప్పుడు నేను తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది. కొనుగోలు విభాగం, కోల్డ్ స్టోరేజీ, ట్యాలీ (ఖాతాల సాఫ్ట్‌వేర్) చూపే స్టాకులు నెలాఖరుకు ఒకదానితో ఒకటి కలవవు. వెంటనే యాజమాన్యం కొత్త ఈఆర్‌పీ (అన్ని విభాగాల లెక్కలనూ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) కోసం కొటేషన్లు అడుగుతుంది. ఆ డబ్బు పెట్టే ముందు ఈ పరీక్ష చేయండి.

లక్షణం: స్టాకు కలవడం లేదు.

ఒక్క లారీ సరుకును ఎంచుకుని, అది గేటు దగ్గర కాటా ఎక్కినప్పటి నుంచి కంటైనర్‌లోకి వెళ్లేదాకా ఎక్కడెక్కడ, ఎవరి చేతిమీదుగా, ఏ పేరుతో నమోదవుతోందో కాగితం మీద రాయండి. నేను చూసిన ఒక ప్లాంటులో కొనుగోలు రిజిస్టరులో ‘30 కౌంట్’ అని రాసి ఉంది, అంటే తలతో సహా కిలోకు 30 రొయ్యలు. తల తీస్తే బరువులో సుమారు మూడో వంతు పోతుంది, పైగా అక్కడి నుంచి లెక్క పౌనుకు మారుతుంది కనుక, అదే రొయ్య గ్రేడింగ్ షీటులో ‘21/25’ (పౌనుకు 21 నుంచి 25 రొయ్యలు) అయింది. ట్యాలీలో మాత్రం అన్ని సైజులూ ‘వనామీ’ అన్న రొయ్య రకం పేరుతో ఒకే ఐటెమ్ కింద ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే పట్టిక సీనియర్ సూపర్‌వైజర్ బుర్రలో తప్ప మరెక్కడా లేదు. ఆయన సెలవు పెట్టిన వారమే లెక్క తప్పింది.

కారణం: సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఒక సాఫ్ట్‌వేర్, 2018లో సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లుకు మరొకటి, ఇలా ఏ అవసరానికి ఆ విభాగం విడిగా కొనుక్కుంది. ఒక సంస్థలో మనుషుల మధ్య మాటలు ఎలా నడుస్తాయో, వారు కట్టే వ్యవస్థ కూడా అదే ఆకారం తీసుకుంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువకు పైన గండి పడితే శివారు చేలో కొత్త బోదె తవ్వి ఏం లాభం?

పరిష్కారం: ఐటెమ్ మాస్టర్, అంటే సరుకుల పేర్లూ కోడులూ ఉండే మూల జాబితా, ఒక్కటే ఉండాలి. రకం, తలతోనా తల లేకుండానా, గ్రేడు, కొలమానం, ఈ నాలుగూ కోడులోనే తెలియాలి. దాన్ని మార్చే అధికారం పేరు పెట్టి ఒక్కరికే ఇవ్వాలి, తక్కినవారు చూసి వాడుకోవాలి. తల తీశాక వచ్చిన బరువును అంచనా శాతంతో వేయకుండా ప్రతి లాటుకూ తూచి రాయాలి, గ్లేజింగ్ (గడ్డకట్టిన రొయ్య మీద పట్టించే మంచు పొర) బరువును విడిగా చూపాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఏ విభాగమూ తన రిజిస్టరును వదులుకోదు; యజమాని స్వయంగా కూర్చుని తేల్చకపోతే ఈ పని జరగదు.

లక్షణం: ఒకే అంకెను ఇద్దరు ముగ్గురు మళ్లీ మళ్లీ టైపు చేస్తున్నారు.

కోడులు ఒక్కటయ్యాక ఇది తేలిక. రోజూ రాత్రి ఒక ఫైలును ఒక చోటు నుంచి తీసి మరో చోట ఎక్కించే ఏర్పాటు చాలామటుకు సరిపోతుంది.

లక్షణం: ఈఆర్‌పీ వచ్చినా అందరూ ఎక్సెల్‌లోనే ఉన్నారు.

పట్టుబడి ముమ్మరంగా ఉన్నప్పుడు మార్పు మొదలుపెట్టడమే తరచుగా దీనికి కారణం. సరుకు తక్కువగా వచ్చే వారాల్లో ఒక్క షెడ్డుతో ఆరంభించి, పాత లెక్కనూ కొత్త లెక్కనూ పక్కపక్కన నడపాలి. కోల్డ్ స్టోరేజీలో ఏదో ఒక కార్టన్ తీసి, అందులోని రొయ్య ఏ చెరువుదో లాటు నంబరుతో కొద్ది నిమిషాల్లో చెప్పగలిగిన రోజున పాత రిజిస్టరు మూసేయవచ్చు. చెప్పలేకపోతే తిరిగి ఐటెమ్ మాస్టర్ దగ్గరికే వెళ్లాలి.