అటక మీది ల్యాండ్‌లైన్ సెట్ పారేయకండి

మిర్యాలగూడలో మా అమ్మవాళ్ళింట్లో స్లాబ్ కింద సెల్ సిగ్నల్ సరిగా అందదు. ఫోన్ వస్తే అమ్మ మోకాళ్ళ నొప్పులతో వాకిట్లోకి నడవాల్సిందే. ఇంట్లో ఫైబర్ నెట్ ఎలాగూ ఉంది కదా, దాంతోనే ఇంటి ఫోన్ పెట్టేశాం.

మోడెమ్ వెనకాల నెట్ వైరు పట్టే వాటికన్నా చిన్న సాకెట్ ఒకటి ఉంటుంది, ‘టెల్’ అనో ‘ఫోన్’ అనో రాసి. ముందు నెట్ కంపెనీకి చెప్పి మీ ప్లాన్‌లో వాయిస్ (ఫోన్ కాల్స్ సదుపాయం) ఉందో లేదో కనుక్కుని, ఉంటే నంబర్ ఆన్ చేయించుకోండి. చాలా ఫైబర్ ప్లాన్లలో లోకల్, ఎస్టీడీ కాల్స్ నెల అద్దెలోనే కలిసి ఉంటాయి. తర్వాత పాత సెట్ వైరు అందులో పెడితే డయల్ టోన్ వస్తుంది. టోన్ వచ్చినా నంబర్ కలవకపోతే సెట్ అడుగున పి, టి అని ఉన్న మీటను టి వైపు జరపండి. మాకు అక్కడే అరగంట పోయింది.

కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్ళు ధర జీఎస్టీతో కలిపి అడగండి. 399 అన్నది 18 శాతం పన్నుతో 471 అవుతుంది. మోడెమ్ డిపాజిట్ సంగతి కూడా అడగండి.

కరెంట్ పోయినా, నెట్ ఆగినా ఈ ఫోన్ పనిచేయదు. కరెంట్ కోతలకు రూటర్ యూపీఎస్, అంటే మోడెమ్‌ను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె పెట్టుకోవచ్చు, మోడెమ్ అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే కొనండి. 108కి చేయాల్సి వస్తే ఉంటుందని అమ్మ సెల్ మాత్రం ఎప్పుడూ ఛార్జింగ్‌తోనే ఉంచుతున్నాం.