ఎండలు ముదరకముందే పాత లారీలో కూలెంట్ లీకును పట్టుకోండి

చలికాలమంతా రోజుకో చెంబుడు నీళ్లు పోసుకుంటూ నెట్టుకొచ్చిన పాత లారీ, మే నెలలో నిండు లోడుతో అరకు దారిలోని అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ బాకీని వడ్డీతో సహా వసూలు చేస్తుంది. రేడియేటర్, ఇంజన్ కలిసి మూసి ఉన్న వ్యవస్థ కాబట్టి, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తరచూ తగ్గుతోందంటే అది బయటికైనా కారుతూ ఉండాలి, ఇంజన్ లోపలికైనా పోతూ ఉండాలి. ఆ దారి ఏదో మార్చిలోనే తేల్చుకోవడం మంచిది.

ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పకూడదు. గుడ్డ అడ్డం పెట్టి తిప్పినా, ఒత్తిడి వదలగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగదన్నుతాయి. రేడియేటర్ పై హోస్‌ను (రబ్బరు గొట్టాన్ని) చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉన్నప్పుడే మూత మీద చెయ్యి వేయాలి.

రాత్రి బండి నిలిపినప్పుడు ఇంజన్ కింద పాత అట్టపెట్టె విప్పి పరిచి, ఉదయం స్టార్ట్ చేయకముందే చూస్తే మరక ఏ భాగం కింద పడిందో తెలుస్తుంది. అయితే మరకను గుడ్డిగా నమ్మకూడదు. బండి నడుస్తున్నప్పుడు ఫ్యాన్ గాలి రేడియేటర్ నుంచి వెనక్కి వీస్తుంది కనుక, దాని కోర్‌లో (సన్నని గొట్టాల వరుసలో) కారిన నీళ్లు ఇంజన్ ముందు భాగమంతా చిమ్ముతాయి. ఆ తడి చూసి నేనొకసారి వాటర్ బాడీ (నీళ్లను తిప్పే పంపు) మార్పించాను. అసలు కారుతున్నది రేడియేటరేనని రెండో రోజు తెలిసింది. అందుకే ముందు అంతా కడిగి ఆరబెట్టి, చల్లటి ఇంజన్ మీద ప్రెజర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు మాత్రమే గాలి కొట్టి, పావుగంట ముల్లు కిందికి దిగుతుందేమో గమనించాలి. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఈ పరీక్ష చేయించుకోవడం, అనుమానం మీద విడిభాగాలు మార్చడం కన్నా చౌక.

వాటర్ బాడీ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దాని అంచున ఆరిపోయిన తెల్లని, పచ్చని పెచ్చు కనిపిస్తే లోపలి సీలు పోయినట్టే. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూస్తే నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి. హోస్‌లు క్లిప్పు దగ్గర ఉబ్బినా, నొక్కితే పగుళ్లు తేలినా మార్చేయాలి. మన సముద్రపు గాలికి క్లిప్పులు కూడా త్వరగా తుప్పు పడతాయి. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతుంటే, ఆయిల్ పాలు కలిపిన టీలా మారిందా, వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగడం లేదా, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయా అని చూడాలి. ఇవి హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిన లక్షణాలు. అప్పుడు బండిని లోడుకు పంపకూడదు.

రేడియేటర్ మూతను చాలామంది పట్టించుకోరు. అది అర బార్ ఒత్తిడి నిలిపితే విశాఖలో మామూలు నీళ్లు సుమారు 111 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు వాషరు గట్టిపడి ఒత్తిడి వదిలేస్తే, 900 మీటర్లకు పైగా ఎత్తున్న అరకులో అవే నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. మరెక్కడా లీకు లేకపోయినా బండి నీళ్లు తాగేస్తుంది.

రేడియేటర్‌లో పసుపు పోస్తే లీకు ఆగుతుందని మన డ్రైవర్లు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు, కానీ సన్నని రంధ్రాన్ని మూసే ఆ ముద్దే కోర్ గొట్టాలనూ మూస్తుంది. దారిలో షెడ్డు చేరడానికి వాడితే వాడారు, చేరాక శుభ్రంగా కడిగించండి. థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు) పీకేయమనే సలహా మాత్రం వినవద్దు. బోరు నీళ్లతో గొట్టాల్లో చౌడు పేరుకుంటుంది గనుక, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉండే విషం. కుక్కలు, ఆవులు నాకకుండా డబ్బాలో మూతపెట్టి ఉంచాలి.

ఘాట్‌లో వేడి చూపే ముల్లు ఎరుపు వైపు కదిలితే విశాలమైన చోట ఆపి, చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, ఇంజన్ పూర్తిగా చల్లారాకే కొద్దికొద్దిగా నీళ్లు పోయాలి. కాలిన ఇంజన్‌లో ఒక్కసారిగా చన్నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది.

మరమ్మతు అయ్యాక గాలి బుడగలు పోయేలా నెమ్మదిగా నింపి, సగం లోడుతో అనకాపల్లి వరకు వెళ్లివచ్చి, రాత్రికి మళ్లీ అట్ట పరవండి. ఉదయం అది పొడిగా ఉండి, రేడియేటర్‌లో మట్టం తగ్గకపోతేనే అరకు లోడు ఒప్పుకోండి.