స్కూలు రోడ్డులో కార్లు ఆపినా జామ్ తగ్గడం లేదా? ఎక్కడ తేడా కొడుతోందో ఇలా పట్టుకోండి

బడి వేళల్లో స్కూలు రోడ్డులోకి కార్లు రానివ్వకూడదని తీర్మానం అయింది. బారికేడ్లు వచ్చాయి, కాలనీ సంఘం ఒప్పుకుంది, తల్లిదండ్రులకు సర్క్యులర్ కూడా వెళ్లింది. అయినా పని జరగట్లేదంటే ఇది మీ కోసమే.

లక్షణం ఏదైనా సరే, ముందు చేయాల్సింది ఒకటుంది. లాంగ్ బెల్‌కి గంట ముందు వెళ్లి ఆ రోడ్డు మీద నిలబడి చూడండి. అదనంగా కోన్లు కొంటారు, సీసీ కెమెరా బిగిస్తారు, ఇంకో ఇద్దరు సెక్యూరిటీ వాళ్లను పెడతారు. ఈ పైసా ఖర్చు లేని పని మాత్రం దాదాపు ప్రతి చోటా వదిలేస్తారు. దయచేసి వదలకండి.

లక్షణం: బారికేడ్‌ని పక్కకు జరిపి వెళ్లిపోతున్నారు

దాని వెనుక అధికారం లేదు. వాచ్‌మన్‌కి ప్రజల రోడ్డు మూసే హక్కు లేదని కారు నడిపేవాళ్లకి తెలుసు. మోటారు వాహనాల చట్టం 1988లోని 115వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన అధికారి గానీ ఫలానా రోడ్డులో వాహనాలను నిషేధించవచ్చు. నెలకు మించని ఆంక్షకు గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. కాబట్టి ముందు నెల రోజుల ట్రయల్ అడగండి. స్కూలు లెటర్‌హెడ్ మీద అర్జీ, కాలనీ సంఘం సంతకాలు, ఏ మూల నుంచి ఏ మూల దాకా, ఏ వేళల్లో అని చూపే చేతిగీత మ్యాపు పట్టుకుని ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌ని కలవండి. మొదటి రెండు వారాలు యూనిఫాంలో ఒక కానిస్టేబుల్ ఉండేలా చూసుకోండి.

లక్షణం: గేటు ముందు ఖాళీ, కాస్త అవతల అంతా జామ్

బారికేడ్‌ని గేటు దగ్గర పెట్టారు. అక్కడిదాకా వచ్చిన కారుకి వెనక్కి తిరగడం తప్ప దారి లేదు. ఇరవై మంది పిల్లల మధ్య రివర్స్ తీయడం మామూలుగా ఆగి వెళ్లడం కంటే ప్రమాదం. బారికేడ్‌ని రోడ్డు మొదట్లో, అంటే ఇంకో దారి పట్టే వీలున్న జంక్షన్ దగ్గర పెట్టాలి. దానికి 50 మీటర్ల ముందే వేళలు రాసిన బోర్డు ఉండాలి. ప్రతి పక్క సందుకీ ఇదే లెక్క. ఒక్క సందు వదిలేసినా రెండు రోజుల్లో అందరూ అటు నుంచే వస్తారు.

లక్షణం: ఉదయం బాగానే ఉంది, సాయంత్రం మాత్రం మునుపటిలాగే

అందరినీ దెబ్బతీసేది ఇదే. బారికేడ్ సరైన చోటే ఉంటుంది, కానిస్టేబుల్ ఉంటాడు, లోపలికి ఒక్క కారూ వెళ్లదు. అయినా లోపల జామ్. ఎందుకంటే ఆ కార్లు బారికేడ్ పెట్టక ముందే లోపలికి వచ్చి కూర్చున్నాయి.

లెక్క చూడండి. లాంగ్ బెల్ 3:30కి, బారికేడ్ 3:15కి. మొదటి కారు మాత్రం 2:45కే వచ్చి గేటుకి దగ్గరగా చెట్టు నీడన ఆగుతుంది. ఉదయం ఒక కారు నిమిషంలో పిల్లల్ని దించి వెళ్తుంది కాబట్టి, ఆరు మీటర్ల జాగా ఇరవై నిమిషాల్లో ఇరవై కార్లకు సరిపోతుంది. సాయంత్రం అదే జాగాని ముప్పావుగంట ఒకే కారు పట్టుకుంటుంది. 120 మీటర్ల రోడ్డులో ఒక పక్క ఇరవై కార్లు పడతాయి, ఇళ్ల గేట్లు తీసేస్తే పదిహేను. ఆ తర్వాత వచ్చినవి రెండో పక్క ఆగుతాయి. ఏడు మీటర్ల రోడ్డులో రెండు పక్కలా కలిపి నాలుగు మీటర్లు పోతే మిగిలేది మూడు. స్కూలు బస్సు వెడల్పే రెండున్నర మీటర్లు. ఎదురుగా ఒక్క స్కూటర్ వస్తే అన్నీ ఆగిపోతాయి.

పైగా బారికేడే ఈ జబ్బుని పెంచుతుంది. 3:15 దాటితే లోపలికి వదలరని తెలిసిన తల్లిదండ్రులు మరుసటి వారం 3:10కి, ఆపై వారం 3:00కి వస్తారు. మీరు బారికేడ్‌ని 3:00కి జరిపితే వాళ్లు 2:40కి జరుగుతారు. అందుకే టైము ఒక్కటే మారిస్తే సరిపోదు.

చేయాల్సింది ఈ వరుసలో:

ముందు లెక్క. మామూలు పని దినాలు రెండు ఎంచుకుని, రోడ్డు రెండు చివర్లా ఒక్కొక్కరిని కూర్చోబెట్టండి. లోపలికి వచ్చిన టైము, నంబరులో చివరి నాలుగు అంకెలు, బయటికి వెళ్లిన టైము రాయాలి. కాలనీవాళ్ల బళ్లు విడిగా రాయండి.

తర్వాత, ఐదో కారు వచ్చే టైముకి పావుగంట ముందు బారికేడ్ పడాలి. బారికేడ్ పడగానే ఒక మనిషి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, ఆగి ఉన్న ప్రతి కారునీ పంపేయాలి. బారికేడ్ ప్రవేశాన్నే ఆపుతుంది, ఆగి ఉన్నదాన్ని ఏమీ చేయదు. కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నో పార్కింగ్ బోర్డు కూడా ఉండాలి.

అసలు ముందే ఎందుకు వస్తున్నారో కూడా తీసేయాలి. చాలా స్కూళ్లలో గేటు దగ్గర ముందు కనిపించిన వాళ్ల పిల్లల్నే ముందు పంపుతారు. అది మానేసి తరగతుల వారీగా వదలండి: రెండో తరగతి దాకా 3:10, ఐదు దాకా 3:20, మిగతావాళ్లు 3:30. ఇక్కడ ఒక చిక్కుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు తరగతుల్లో ఉంటే, చిన్నవాడి కోసం వచ్చిన అమ్మ పెద్దదాని కోసం ఇరవై నిమిషాలు అక్కడే ఉంటుంది. అలాంటి చిన్నపిల్లల్ని లోపలే కూర్చోబెట్టి పెద్దవాళ్లతో కలిపి పంపాలి. ఈ జాబితా తయారు చేయకుండా తరగతుల వారీ పద్ధతి మొదలుపెడితే జామ్ ఇంకా పెరుగుతుంది.

చివరగా, కార్లకు ఇంకో చోటు చూపండి. 300 మీటర్ల లోపు ఫంక్షన్ హాలు ఉంటే పని దినాల్లో దాని పార్కింగ్ సాధారణంగా ఖాళీయే. ముహూర్తాల రోజులు ముందే అడిగి తెలుసుకోండి. పీఈటీ సారు ముందు, ఆయమ్మ వెనుక నడుస్తూ పిల్లల్ని వరుసలో తీసుకెళ్తే ఐదారు నిమిషాల నడక.

లక్షణం: మొదట తగ్గిన కార్లు మళ్లీ పెరిగాయి

ఆటోలని, వ్యాన్లని కూడా కార్లతో పాటు ఆపేసి ఉంటారు. పన్నెండు మంది పిల్లల్ని తెచ్చే వ్యాన్‌ని దూరంగా ఆపితే వాళ్లలో సగం మంది రేపు కారులో వస్తారు. వ్యాన్లు, ఆటోలు, సైకిళ్లు, నడవలేని పిల్లల్ని తెచ్చే బళ్లు లోపలికి వెళ్లాలి. కాలనీవాళ్ల పాసు మీద బండి నంబరు రాసి, ఏటా రంగు మార్చండి. లేకపోతే జిరాక్సులు తిరుగుతాయి.

లక్షణం: మార్చిలో అంతా తలకిందులైంది

ఒంటిపూట బడులు మొదలయ్యాయి, బోర్డు మీద ఇంకా 3:30 వేళలే ఉన్నాయి. మార్చి మధ్యలో మార్చాల్సిన వేళల పలకని ముందే రాయించి పెట్టుకోండి. పరీక్షల రోజులకూ ఇదే పలక పనికొస్తుంది.

డ్రైనేజీ తవ్వకాలు, ఊరేగింపులు, ఫోనులో మ్యాపు ఈ రోడ్డునే దగ్గరి దారిగా చూపించడం లాంటివి అరుదు. వాటిని వెతికే ముందు లాంగ్ బెల్‌కి గంట ముందే ఆ రోడ్డు మీదికి వెళ్లండి.