చెట్టు ఇనుము ఎలా తీసుకుంటుంది? 3వ పాఠం: పసుపు ఆకుకు పరీక్ష

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను: పసుపెక్కిన ఆకులు కొమ్మ చివర ఉన్నాయో, మొదట్లో ఉన్నాయో రాసుకోమని. ముదురు ఆకులే ముందు పసుపెక్కితే నత్రజనినో మెగ్నీషియాన్నో అనుమానించాలి. కొరత వస్తే అవి ముదురు ఆకుల్లోంచి లేత ఆకులకు వెళ్లిపోతాయి. ఇనుము అలా కదలదు. అందుకే దాని లోపం లేత ఆకుల్లో బయటపడుతుంది: ఈనెలు పచ్చగా వల అల్లినట్టు, మధ్యలో పసుపు. మరీ ముదిరితే ఆకు తెల్లబడి అంచులు మాడతాయి.

విచిత్రం ఏమిటంటే, చాలాసార్లు నేలలో ఇనుముకు కరువేమీ ఉండదు. భూమి పైపొర బరువులో దాదాపు 5 శాతం అదే. కానీ తుప్పులాగా, నీళ్లలో సరిగా కరగని ఫెర్రిక్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. పీహెచ్ (నేల పులుపో, క్షారమో చెప్పే కొలత; పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు) ఒక్క అంకె పెరిగితే అది కరగడం సుమారు 1000 రెట్లు తగ్గుతుంది.

చెట్టు ఊరుకుంటుందా? నిమ్మ, ద్రాక్ష, జామ, పీచ్ వేర్లు ముందు ప్రోటాన్లు (పులుపునిచ్చే హైడ్రోజన్ కణాలు) వదిలి చుట్టూ ఉన్న మట్టిని కాస్త పుల్లబరుస్తాయి. తర్వాత వేరు పైపొరలోని ఎంజైము ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా, అంటే తేలిగ్గా కరిగే ఇనుముగా మారుస్తుంది. ఆ ఫెర్రస్‌నే వేరు లోపలికి లాక్కుంటుంది. సున్నపు నేలలో మాత్రం సున్నం నుంచి వచ్చే బైకార్బొనేట్ ఆ పులుపునంతా ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. నీరు నిలిస్తే ఇంకా కష్టం. పసుపు కనబడగానే ఇంకో తడి పెట్టేవాళ్లు తెలియకుండా సమస్యను పెంచుతున్నట్టే.

ఇంకో తిరకాసు: పసుపు ఆకును ల్యాబ్‌కి పంపితే మొత్తం ఇనుము పచ్చ ఆకుతో సమానంగా రావచ్చు. ఇనుము ఆకులోకి చేరినా పనికొచ్చే రూపంలో లేదన్నమాట. కాబట్టి ఆ ఒక్క అంకెను నమ్మి నిర్ణయం తీసుకోకండి.

దానికంటే కుంచె నయం. అర లీటరు నీళ్లలో రెండున్నర గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపండి. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే తుప్పు పట్టినట్టే, పారేయండి. ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాలి. సాయంత్రం చల్లబడ్డాక, పసుపెక్కిన లేత ఆకులు అయిదారింటికి నడి ఈనెకు ఒక పక్కన మాత్రమే పూసి, తొడిమకు దారం కట్టండి. రెండో పక్క పోలికకు.

వారం పది రోజుల్లో పూసిన పక్క పచ్చబడితే లోపం ఇనుముదే. పచ్చబడకపోతే మాంగనీసు లోపమో, వేరు కుళ్లో, వైరసో వెతకాలి.

ఫలితం వచ్చేదాకా అన్నభేదిని పాదుల్లో పోయకండి. సున్నపు నేలలో అది కొద్ది రోజులకే తుప్పుగా మారిపోతుంది. నేను ఒక సీజనంతా అలాగే పోశాను. నేలకు ఏ చీలేట్ (ఇనుము బిగుసుకోకుండా పట్టి ఉంచే మందు) వేయాలో, ఏ వేరుమూలం (అంటు కట్టే అడుగు మొక్క) సున్నాన్ని తట్టుకుంటుందో 4వ పాఠంలో. అప్పటికి మీ దారం కట్టిన ఆకులు ఏం చెప్పాయో రాసి పెట్టుకోండి.