ఆటిజం ఉన్న పిల్లలకి మాట నేర్పడం ఎలా? ముందు అడగడం నేర్పండి

మన కోనసీమ వైపు పిల్లాడికి రెండేళ్ళు దాటినా మాట రాకపోతే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఓ సలహా చెప్తారండి, వస అరగదీసి నాకించమంటారు, నాలిక కింద తీగ కోయించమంటారు, వాళ్ళ నాన్నకీ లేటుగానే వచ్చాయి వాడే మాట్లాడతాడులే అని మామ్మ అంటుంది. దయచేసి అలా ఎదురుచూస్తూ కూర్చోకండి. ఏడాది దాటాక కూడా వేలు పెట్టి చూపించకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, 16 నెలలకి ఒక్క మాట లేకపోయినా, రెండేళ్ళకి "అమ్మా దా" అని రెండు మాటలు కలపకపోయినా, ముఖ్యంగా వచ్చిన మాటలు పోయినా అది ఆటిజం, అంటే మాటా నలుగురితో కలవడమూ మిగతా పిల్లల్లా రాకుండా మెదడు ఎదుగుదల వేరేగా ఉండడం, కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

ముందు వినికిడి టెస్ట్

చప్పుడుకి తిరుగుతున్నాడు కదా అని ఇది వదిలెయ్యొద్దు. చిన్నపిల్లలకి నిద్రలో ఉండగా చేసే బెరా టెస్ట్ ఉంటుంది, అది చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో పెట్టిన డీఈఐసీ సెంటర్లలో, అంటే ఎదుగుదలలో తేడాల్ని చిన్నప్పుడే పట్టుకుని సాయం చేసే కేంద్రాల్లో, ఇలాంటి పిల్లల్ని చూస్తారు, దారి తెలియకపోతే మీ ఊరి ఆశా వర్కర్‌ని అడగండి. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కోండి, సెషన్ జరిగేటప్పుడు మిమ్మల్ని లోపల కూర్చోనిస్తారా అని కూడా అడగండి. ఎందుకంటే సఖినేటిపల్లి నుంచో అంతర్వేది నుంచో కాకినాడకో రాజమండ్రికో వెళ్ళి రావాలంటే రోజంతా పోతుంది, అక్కడ దొరికేది గంటలోపే, మిగతా వారమంతా పిల్లాడు మీ దగ్గరే కదా.

ఇంట్లో ఎలా మొదలెట్టాలి

చాలామంది పిల్లాణ్ణి కూర్చోబెట్టి అమ్మ అను, ఆవు అను, ఏనుగు అను అని వెంటపడతారు. వాడికి ఏనుగుతో ఏం పనండీ? వాడికి పనున్నది జంతికతో, తిరిగే ఫ్యాన్‌తో, బోరు మోటారు వేస్తే వచ్చే నీళ్ళతో. అక్కడ మొదలెట్టాలి.

వాడికి బాగా ఇష్టమైంది ఏదో ఒకటి, జంతికలే అనుకోండి, బయటికి కనపడే సీసాలో వేసి మూత గట్టిగా బిగించి వాడికి అందేలా పెట్టండి. వాడు కిందామీదా పడి మీ దగ్గరికి తెస్తాడు, లేదా మీ చెయ్యి పట్టుకుని సీసా మీద పెడతాడు. అదే అడగడం. అప్పుడు వాడి ఎత్తుకి కూర్చుని మొహం కనపడేలా "తియ్యి" అని ఒక్క మాట అనండి, అని నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టండి. ఈ ఆగడమే అన్నిటికంటే కష్టం, మనకి పిల్లాడు మౌనంగా ఉంటే ఆగబుద్ధి కాదు, ఇంకో నాలుగు మాటలు కలిపేస్తాం, ఈలోపు వాడు విన్నది కాస్తా పోతుంది. చూపో, శబ్దమో, చెయ్యి చాపడమో ఏది వచ్చినా వెంటనే ఇచ్చెయ్యండి. చెప్తేనే ఇస్తానని ఏడిపించొద్దు. చిన్న ముక్క ఇవ్వండి, మళ్ళీ అడిగే అవసరం వస్తుంది, అప్పుడు "ఇంకా" అనండి.

మొదట్లో పనికొచ్చేవి ఇంకా, దా, తియ్యి, వద్దు, చాలు, పద. వీటిల్లో "వద్దు" నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది, వద్దని చెప్పే దారి లేకే చాలామంది పిల్లలు కొరుకుతారు, తల బాదుకుంటారు. మాట రాకపోతే చెయ్యి అడ్డం పెట్టడం నేర్పండి, పెట్టినప్పుడు నిజంగానే ఆపెయ్యండి.

"ఇదేంటి? అదేంటి?" అని ప్రశ్నల వర్షం మానేసి వాడు చూస్తున్నదాన్నే మీరు చెప్పండి, "నీళ్ళు", "నీళ్ళొచ్చాయి" అని. కొంతమంది మనం అన్నదే తిరిగి అంటారు, దాహం వేసినప్పుడు "నీళ్ళు కావాలా?" అనే అంటారు. అది వెక్కిరింత కాదు, వాడు అడుగుతున్నాడు. మీరు వాడి తరఫున "నీళ్ళు కావాలి" అని చెప్పి గ్లాసివ్వండి.

ఫొటోలతో అడిగించడం

1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, పెక్స్ అంటారు. బజార్లో దొరికే బొమ్మల చార్ట్ కొనకండి, మీ ఇంటి స్టీలు గ్లాసు, వాడి ఉయ్యాల, తాతయ్య స్కూటర్ ఇవే ఫోన్‌లో ఫొటో తీసి ప్రింట్ వేయించి లామినేషన్ చేయించండి. మొదట్లో ఇద్దరు కావాలి. ఒకళ్ళు ఎదురుగా జంతిక పట్టుకుని ఏమీ అడక్కుండా కూర్చోవాలి, ఇంకొకళ్ళు వెనక నుంచి పిల్లాడి చెయ్యి పట్టి జంతిక ఫొటో కార్డు అందుకునేలా చేసి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టించాలి. పెట్టగానే "జంతిక!" అని ఇచ్చెయ్యడం. వెనక ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు, మెల్లగా సాయం తగ్గించుకుంటూ రావాలి. బొమ్మలు అలవాటైతే ఇక మాటే రాదేమో అని భయపడతారు, అలా ఏం జరగదు, కొంతమందికి మాట రావడానికి ఇవే సాయపడతాయి. రాని పిల్లలకి జీవితాంతం ఇవే మాట.

మన దగ్గర చాలా ఇళ్ళల్లో అమ్మ కువైట్‌లోనో నాన్న దుబాయ్‌లోనో ఉంటారు, పిల్లాడు మామ్మ దగ్గర పెరుగుతాడు. మామ్మకే ఇదంతా నేర్పాలండి, ఓపిక ఎక్కువ ఆవిడకే. వాడుతున్న పది మాటలూ వంటింటి గోడ మీద రాసి అంటించండి, అందరూ అవే అనాలి. స్కూల్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారని ఇంట్లో తెలుగు మానెయ్యొద్దు, రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకి మాట ఆలస్యం కాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యండి, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్‌లో ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, థెరపీకి కూడా.

డెల్టాలో ఉన్నవాళ్ళు తప్పకుండా చెయ్యాల్సింది

ఈ పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే విపరీతమైన ఇష్టం, మనకేమో అడుగడుక్కీ కాలవ, చేపల చెరువు. కాబట్టి "ఆగు" ముందే నేర్పాలి. చెయ్యి పట్టుకుని పరిగెత్తుతూ "ఆగు" అని ఇద్దరూ ఆగిపోవడం, మళ్ళీ పరుగు, రోజూ ఆటలాగా ఆడండి. అది వచ్చినా సరే నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలొద్దు. పేరు, ఫోన్ నంబరు ఉన్న కార్డు ఒంటి మీద ఉండాలి. గట్టు మీద ఇళ్ళవాళ్ళకి, చెరువు కాపలా ఉండేవాళ్ళకి, రేవు దగ్గరవాళ్ళకి పిల్లాణ్ణి తీసుకెళ్ళి చూపించి చెప్పండి, పిలిస్తే పలకడు, ఒంటరిగా కనపడితే చెయ్యి పట్టుకుని ఆపి మాకు ఫోన్ చెయ్యండి అని.