అక్వేరియం గాజుకు నీరు కారకుండా పైపు అమర్చడం

రంధ్రం వేయడానికి ముందు ఆ పలక టెంపర్డ్ గాజు (వేడితో గట్టిపరచిన గాజు) కాదని నిర్ధారించుకోవాలి, ఎందుకంటే టెంపర్డ్ గాజుకు డ్రిల్లు తగిలితే పలక మొత్తం ముక్కలైపోతుంది. మామూలు గాజుకు డైమండ్ హోల్‌సాతో (అంచుకు వజ్రపు పొడి ఉన్న గుండ్రటి రంపంతో), నీరు పోస్తూ, ఒత్తిడి పెట్టకుండా నెమ్మదిగా రంధ్రం వేయాలి. అంచు నుంచి కనీసం రంధ్రం వ్యాసమంత దూరం వదలాలి.

ఇక బల్క్‌హెడ్, అంటే ఆ రంధ్రంలో దూర్చి నట్టుతో బిగించి పైపును కలిపే అమరిక. నీరు కారడానికి ఎక్కువగా కారణమయ్యేది రబ్బరు వాషరును తప్పు వైపున వేయడమే. వాషరు ట్యాంకు లోపల, బల్క్‌హెడ్ తలకూ గాజుకూ మధ్య ఉండాలి. నట్టు బయట ఉండాలి. గాజు మీద ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా అక్కడినుంచే చెమ్మ మొదలవుతుంది కనుక, రెండు వైపులా తడిగుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడాలి. కొన్ని నట్లు ఎడమ మరలవి కనుక తిరిగే దిశను ముందే గమనించి, చేతితో బిగించాక పావు చుట్టు మాత్రమే తిప్పాలి. పానాతో బలంగా బిగిస్తే వాషరు నలిగి పక్కకు జారుతుంది, ఒక్కోసారి గాజే పగులుతుంది. వాషరుకు సిలికాన్ పూయడం నా దృష్టిలో అనవసరం.

టెఫ్లాన్ టేపును మర పైపులకే చుట్టాలి. పీవీసీ అతుకులను సాల్వెంట్‌తో అంటించి 24 గంటలు ఆరనివ్వాలి. విశాఖలో సముద్రపు గాలికి ఇనుప క్లిప్పులు త్వరగా తుప్పు పడతాయి, ముఖ్యంగా బీచ్‌రోడ్డు వైపు ఇళ్లలో. అందుచేత ప్లాస్టిక్‌వి వాడటం మేలు.

చేపలను వదలక ముందు ట్యాంకు నింపి, అతుకుల కింద పొడి కాగితం పరచి, ఒక రాత్రి ఉంచాలి. ఇక్కడి ఉక్కలో చల్లని గాజుపై పట్టే చెమట, ట్యాంకు నీరే కారుతోందన్న భ్రమ కలిగిస్తుంది. కాగితంపై మచ్చ అతుకు కిందే పడితే నట్టు విప్పి వాషరును మళ్లీ చూడాలి.