క్యాన్సర్ చికిత్స ముగిశాక ఆరోగ్యాన్ని ఎలా చూసుకోవాలి?

అమ్మకు రొమ్ము క్యాన్సర్ తగ్గిన ఆరేళ్లకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండె డాక్టరు అడిగిన మొదటి మాట: "అప్పుడు ఏ కీమో ఇచ్చారు? మొత్తం ఎంత డోసు?" మా దగ్గర సంచీ నిండా బిల్లులున్నాయి, జవాబు మాత్రం లేదు. చికిత్స చేసిన చోటికి రెండుసార్లు తిరిగితే పాత రికార్డు దొరకలేదన్నారు. అందుకే ఆహారం, వ్యాయామం కంటే ముందు కాగితాల సంగతి చెబుతాను.

1. ఒక్క పేజీ సమ్మరీ రాయించుకోండి

జబ్బు రకం, దశ, ఆపరేషన్ తేదీ, కీమో మందుల పేర్లు, ఒక్కో మందు మొత్తం డోసు, రేడియేషన్ ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారు. ఇవన్నీ ఆ పేజీలో ఉండాలి. డోసు ఎందుకంటారా? ఎర్రగా ఉండే డాక్సోరూబిసిన్ మందు గుండె కండరాన్ని బలహీనం చేయగలదు. ఆ దెబ్బ ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. అందుకే జీవితం మొత్తానికి ఇంతకు మించకూడదని దానికి ఒక లెక్క ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి విశాఖ వచ్చేవాళ్లకు ఆపరేషన్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో, రేడియేషన్ అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రిలో అయిందనుకోండి, కాగితాలు రెండు చోట్లా చెల్లాచెదురవుతాయి. అన్నీ ఒకే ఫైలులో పెట్టండి. బయాప్సీ స్లైడులు, మైనపు బ్లాకులు (పరీక్షకు తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మలు) ఎలా తీసుకోవాలో కూడా అడగండి. ఫొటోలు తీసి పిల్లల ఫోన్లలో ఉంచండి.

రికార్డు పోయిందా? మందుల షాపు బిల్లులు వెతకండి. మందు పేరు, మిల్లీగ్రాములు వాటి మీదే ఉంటాయి. చివరికి అమ్మ డోసు లెక్క తేలింది ఆ సంచీలోంచే.

2. చెకప్ తేదీలు ముందే రాసుకోండి

రొమ్ము క్యాన్సర్‌కైతే సాధారణంగా మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపై ఏడాదికోసారి చూపించుకోవాలి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఏటా. ఏ ఇబ్బందీ లేకపోయినా ధైర్యం కోసం పెట్ స్కాన్ (ఒళ్లంతా క్యాన్సర్ కోసం వెతికే స్కాన్) తీయించమని డాక్టరును బతిమాలకండి. డబ్బు దండగ, టెన్షన్ అదనం.

3. ఏ చికిత్సకు ఏది గమనించాలి?

మెడకు రేడియేషన్ ఇస్తే థైరాయిడ్ మందగించొచ్చు. 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించాలి. నోటి దగ్గర రేడియేషన్ పడినవాళ్లు, ఎన్నేళ్లయినా సరే, ఆ సంగతి చెప్పకుండా పన్ను పీకించుకోకూడదు. దవడ ఎముక మానక పుండైపోయే ప్రమాదం ఉంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తీసుకున్నవాళ్లు వినికిడి, కిడ్నీలు గమనించుకోవాలి. లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు ఎముకల సాంద్రత చూయించుకోవాలి.

4. చేతి వాపును తేలిగ్గా తీసుకోకండి

చంకలో గ్రంథులు తీసినవాళ్లకు ఆ వైపు చెయ్యి ఎప్పుడైనా వాయొచ్చు. గాజులు, ఉంగరం బిగుతవడమే తొలి గుర్తు. ఇంజెక్షన్లకు వీలైనంత వరకు రెండో చెయ్యి ఇవ్వండి. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

5. నడవండి, చెప్పులతో

వారానికి 150 నిమిషాలు నడిస్తే చాలు. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు కన్నా మంచి చోటేముంది? కాకపోతే కీమో తర్వాత అరికాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు ఇసుకలోకి ఒట్టి కాళ్లతో దిగొద్దు. గవ్వ కోసుకున్నా తెలియదు.

6. పొగ మానండి, అడ్డపొగ కూడా

వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ మన తీరంలో పెద్దావిడల పాత అలవాటు. దానికీ అంగిటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం 1950ల్లోనే వైద్య పత్రికలకెక్కింది. "ఒకసారి వచ్చిపోయింది కదా, ఇంకేమవుద్ది" అంటారు. మరో క్యాన్సర్ రాకూడదనే రూలేమీ లేదు.

7. ఇవి కనిపిస్తే చెకప్ తేదీ కోసం ఆగకండి

కొత్త గడ్డ, రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు లేదా ఎముక నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం పడటం. వెళ్లేటప్పుడు ఆ ఒక్క పేజీ చేతిలో ఉండాలి. ఇంట్లో వాడుతున్న పొడులు, కషాయాల పేర్లు దాని వెనక రాసి పెట్టండి. అడిగితే తప్ప అమ్మ అవి చెప్పేది కాదు.